కరకంబాడి రోడ్డు ఐసు

కరకంబాడి రోడ్డు ఐస్ ఫ్యాక్టరీలో
చెంగల్రాయుడు అడిగాడు:
"చేపలకా, చెరుకురసానికా?"
"ప్రాణముందేమో చూడ్డానికి" అన్నాను.
నవ్వి, రంపంపొట్టు అంటిన ఓ ముక్క ఊరికే ఇచ్చాడు.

మే నెల. ల్యాబులో
కరిగిన ఒక్క చుక్కలోకి
ఎర్రటి లేజరు.
తెర మీద వలయాలు, వలయాలు.
చుక్క లోతంతా ఒకేసారి ముద్రపడింది.
లెక్క విప్పితే
దుమ్ము, ఉప్పు, పొట్టు
నీళ్ళెటు పోతే అటే.
ఒకటి మాత్రం
ఆగింది. మలుపు తిరిగింది.
ఎదురీదింది.

ఎక్కడో మంచుచందమామ కోసం కట్టిన పరికరం
మొదట చూసింది తిరుపతి ఐసుని.

సాయంత్రం ఫోన్‌లో వీడియో చూపించాను.
చాలాసేపు చూశాడు.
"ముప్పయ్యేండ్లుగా కోస్తా ఉండా మేడం,
రంపం తగిలుంటాదా దీనికి?"

దానికి నా దగ్గర లెక్క లేదు.
బనీనుకి చేతులు తుడుచుకుని
తర్వాతి దిమ్మను
కొంచెం మెల్లగా దించాడు.