పలక కడిగిన నీళ్లు

కోటవీధి వెనక సందులో
టేపుకి ఈ చివర నేను, ఆ చివర చైన్‌మన్ సింహాద్రి.
ముందు గోడ పదకొండు అడుగుల నాలుగంగుళాలు.
గవ్వ సున్నం. గోరు పెడితే
సముద్రం పొడిపొడిగా రాలుతుంది.

కింద నీళ్ల గది.
ఇత్తడి కడ్డీల కిటికీ, గొలుసు.
గొలుసుకి ఉండాల్సిన గిన్నె లేదు.
అది ఊగి ఊగి కోసిన గాడి
రాతిగడప మీద వేలి మందాన ఉంది.
రాసుకున్నాను: అర అంగుళం.

పైన బడి. మూడు కమానులు, తలుపుల్లేవు.
ఎవరు కట్టించారో తెలీదు.
తుఫానులో ఓడ పోయి తాను మిగిలిన సరంగు అని ఒకరు,
కాదు, తిరిగిరాని సరంగు పెళ్లామని ఒకరు.
పేరు చెక్కిన చోట
ఏ రంజానుకో వెల్ల వేసేశారు.

"నీళ్లూ చదువూ ఒకే గోడలో ఎందుకండీ?"
ఏదో గొప్ప మాట వస్తుందని పెన్ను తీశాను.
జలాలుద్దీన్ సాబు గచ్చు మీద అరచెయ్యి ఆనించి చూపించాడు.
"కింద తొట్టి ఉంటే పైన గచ్చు చల్లగా ఉంటాది.
ఎండాకాలం పిల్లలు పారిపోరు."

గడప మీద చేపలగంప దించుకున్న నూకరత్నం అంది:
"నాను బడి మొకం సూళ్లేదు బాబూ.
బిందె నిండీవరకు ఇక్కడే నిలబడీదాన్ని.
పైనుంచి అలిఫు, బే, తే, సే పడీవి.
బిందెకి ఇరవై తొమ్మిది అచ్చరాలు.
చిన్న బిందైతే సగంలోనే పొర్లిపోయీది,
ఆ మిగతావి నాకు సరిగ్గా రావు."
ఇప్పటికీ కానాగంతలు అలాగే లెక్కపెడుతుంది.
కొన్నవాడికి ఎన్నిచ్చిందో తెలీదు,
ఆమెకి తెలుసు.

ఒక్క గొట్టమే నా డ్రాయింగులో కుదరలేదు.
బడి మూలనుంచి గోడలోకి దిగి
తొట్టిని తప్పించి, మురుగుని తప్పించి
ఎటో పోతోంది.
"పలకలు కడిగిన నీళ్లకి," అన్నాడు సాబు.
"రాసింది అల్లా మాట. తొక్కకూడదు.
గోరింట మొదట్లోకి పోయేవి."
గోరింట లేదు. అక్కడ ట్రాన్స్‌ఫార్మరు దిమ్మ ఉంది.
ఆ పొదదే ఆకు
జాలారిపేట పెళ్లిళ్లన్నిటికీ, అంది నూకరత్నం,
తన చేతులకేసి చూసుకోకుండానే.

సీసాలో తాగగా మిగిలిన నీళ్లు
పైనుంచి ఆ కన్నంలో పోశాను.
గోడ చాలాసేపు ఏమీ అనలేదు.
హార్బరులో ఏదో ఓడ కూసింది.

"వచ్చింది సార్," కిందనుంచి సింహాద్రి.
"ఎక్కడ?"
"దిమ్మ పక్కన, సన్నంగా.
కాలు తీసేశాన్లెండి."