రోలుకు తీగ లేదు

ఎర్రగుంట్లలో మా బండల మిద్దె
పగలంతా ఎండ తాగి
రాత్రికి మా వీపుల మీదే కక్కుతాది.
ఆ నెల కరెంటు బిల్లు రెండువేల మున్నూట నలభై.
కాగితాన్ని మూడు మడతలు పెట్టి
మా ఆయన సొక్కా జేబులో వారం దినాలు మోసినాడు,
పంటినొప్పి మోసినట్టు.

ఆదివారం ఒక డబ్బా తెచ్చినాడు.
అగ్గిపెట్టెకు అన్నలాంటిది.
మెయిన్ తీగకు కమ్మ తగిలించినట్టు
ఒక క్లిప్పు తగిలించినాడు.
గోడ మీద అంకె ఎలిగింది: 412.
"ఇంగ మన ఇల్లు ఎంత తింటాందో
గడియ గడియకూ చెబుతాది" అన్నాడు.

గోడకే కాదు, ఆయన ఫోనుకూ చెబుతాదని
మరుసటి దినం తెలిసింది.
సిమెంటు ఫ్యాక్టరీ నుంచి మధ్యాన్నం రెండున్నరకు:
"ఏమ్మే, ఏడొందల యాభై యాడికి పోయింది?"
"నీ సొక్కాకే పోయింది. ఇస్త్రీ చేస్తాండా."
నాలుగింటికి మళ్లీ:
"మిక్సీ ఎందుకు? రోలుండాది కదా?"

ఉండాది.
బూజు దులిపి కడిగినా.
శెనిగ్గింజల ఊరిమిండి నూరితే
అంకె కదల్లేదు.
వాషింగ్ మిషన్ మీద పాత చీర కప్పి
నాలుగు దుప్పట్లు బండకేసి ఉతికితే
అంకె కదల్లేదు.
సాయంత్రం ఆయన వచ్చి గోడను చూసి మురిసినాడు,
ఫస్టొచ్చిన పిల్లోన్ని చూసినట్టు.

అబద్ధం ఎందుకు,
ఆ డబ్బా నాకూ నాలుగక్షరాలు నేర్పింది.
ఒక రాత్రి అందరం మిద్దెక్కి పండుకున్నాం.
నీళ్లకని దిగితే
మనిషి లేని ఇంట్లో 163.
మేమంతా పైనుంటే
కింద మేలుకున్నదెవరు?
చీకట్లో గోడలు తడుముకుంటా
ఒక్కొక్కటే ఆపుకుంటా పోయినా.
టీవీ కింది పెట్టె: పద్దెనిమిది.
పిల్లోని స్పీకర్లు: ఎనిమిది.
మిగిలిందంతా ఫ్రిజ్జే,
అలుపూ లేదు, ఆపూ లేదు.
తలుపు రబ్బరు కింది మూల నోరు తెరుచుకోనుండాది.
నా మడమలకు చల్లగా తగిలింది.
మూడేండ్లుగా మేము
వంటింటి గచ్చుకు ఏసీ పెట్నాం.

మాబున్నీ తమ్ముడు వచ్చి
మున్నూట యాభైకి కొత్త రబ్బరు వేసిపోయినాడు.

తర్వాత పాల లెక్క రాసే క్యాలెండరు తిప్పి
వెనకపక్క రాసినా:
మిక్సీ నాలుగు నిమిషాలు, ముప్పై పైసలు.
పొద్దన్నే నీ గీజరు అరగంట, ఆరు రూపాయలు.
"సిమెంటు దుమ్ము వేన్నీళ్లకే పోతాది" అంటాడు,
ఈ కడప ఎండల్లో,
మిద్దె మీది ట్యాంకులో నీళ్లు
పప్పు ఉడికేటట్టు కాగుతా ఉంటే!
అంకె కిందనే మొలకు తగిలించినా.
చదివినాడు. మాట్లాడలేదు.
తెల్లారి గీజరు ఎర్రలైటు ఎలగలేదు.

మరుసటి బిల్లు పద్నాలుగు వందల తొంభై.
ఫ్యాక్టరీలో అందరికీ చూపించినాడంట,
"డబ్బా పనిమంతురాలప్పా" అని.
నా కుడి భుజం రాత్రిళ్లు సలుపుతాంది.
బామ్ సీసా యాభై ఐదు రూపాయలు.
అది కిరాణా లెక్కలోకి పోయింది.

ఈ ఆదివారం ఆయన్ను రోలు ముందర కూచోబెట్టినా.
"నూరు" అన్నా.
పది సుట్లు తిప్పినాడు.
సెమట తుడుచుకుంటా, అలవాటు కొద్దీ,
గోడవైపు చూసినాడు.
96.
ఇంగో పది తిప్పినాడు, పంటి కింద పెదవి పట్టుకోని.
96.
ముంజేయి విదిలించుకున్నాడు.
"ఇది యాడా కనపడదేమ్మే?" అన్నాడు మెల్లగా,
నన్ను కాదు, గోడను అడిగినట్టు.

నేనేమీ అనలేదు.
వేలితో తీసి రుచి చూసినా.
ఇంగా పలుకుగానే ఉండాది.
ఉప్పు చాల్లేదు, ఇంగొంచెం వేసినా.