పన్నెండు చుక్కలు

రెండేళ్ళ గ్యారంటీ అని అట్టమీద ఉంది.
అట్ట ఇంకా కొత్తగానే ఉంది.
బల్బు మాత్రం ఎనిమిదో నెల్లో,
జాకెట్టుకి ఆఖరి కాజా కుడుతుండగా
రెండుసార్లు రెప్పలార్చి ఊరుకుంది.

మలికిపురం సెంటర్లో సువార్తయ్య
చాకుమొనతో దాని తెల్లటి బుర్ర ఊడదీశాడు.
పన్నెండు పసుప్పచ్చ చుక్కలు.
ఒకదాని నడినెత్తిన ఆవగింజంత మసి.
"పోయింది ఇదొక్కటేనండి, ఆయ్.
చేతులు పట్టుకు నిలబడ్డారు గదా,
ఒకడు వదిలేస్తే అందరికీ చీకటే."

మరి అదెందుకు పోయింది?
అతను రొయ్యల చెరువులకేసి చూశాడు.
రాత్రి రెండింటికి ఏరేటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి,
లైను కుంగుతుంది.
ఆపగానే ఎగిరి తంతుంది.
ఆ తన్నులు తిన్నది అడుగునున్న ఈ కెపాసిటరు,
పొట్ట చూడండి, ఎలా ఉబ్బిందో.
"పైగా డోములో పెట్టి బిగించారు."
పురుగులు పడతాయని, అన్నాను.
"వెలుగైతే బయటికొస్తది. వేడెక్కడికి పోద్దండి?"

నేనేం మాట్లాడలేదు.
రేకుల కింద తలుపేసుకుని
పదకొండేళ్ళుగా కుడుతున్నదాన్ని.

కెపాసిటరు మార్చాడు.
చచ్చిన చుక్క మీద సీసం బొట్టొకటి వేశాడు,
ఇటూ అటూ కలుపుతూ.
మిగతా పదకొండూ వెలిగాయి.
ఎన్నాళ్ళొస్తుంది?
"డోము తీసెయ్యండి" అన్నాడు,
నలభై రూపాయలు తీసుకుని.

తీశాను.
ఎందుకో తలుపు కూడా తీశాను.
చెరువుల మీంచి ఉప్పుగాలి కొట్టింది.
చాలాసేపు
సూదిలోకి దారం ఎక్కలేదు.