ఆఖరి బెంచీ

ఆన్‌డ్యూటీ కాగితం మీద హెడ్మాస్టారు
'వర్చువల్' అన్న మాట
రెండుసార్లు కొట్టేసి రాశారు.
వట్టిచెరుకూరు బస్సు దిగి
షేర్ ఆటోలో ఆరో మనిషిగా ఒక పక్క వేలాడుతూ
అమరావతి రోడ్డులో కాలేజీకి చేరేసరికి తొమ్మిదిన్నర.
ఉప్మా అయిపోయింది.

మెడలో వేసిన కార్డు మీద
సౌభాగ్యవతిని సౌభాగ్యం చేశారు.
ఎర్ర పెన్ను సంచీలోనే ఉంది కదా,
నన్ను నేనే దిద్దుకున్నాను.

వేదిక మీద ఎవరో పెద్దాయన
భవిష్యత్తు గురించి చాలాసేపు మాట్లాడారు.
భవిష్యత్తు మధ్యలో కరెంటు పోయింది.
జనరేటర్ అందుకునేదాకా
ఆహ్వానపత్రాలతో విసురుకున్నాం
నాలుగు మండలాల టీచర్లం.

మధ్యాహ్నం, ఒక్కొక్కరికీ పది నిమిషాలు.
షాహీన్ అనే అమ్మాయి,
మా పదో తరగతి పిల్లలకన్నా నాలుగేళ్లు పెద్దదేమో,
నా కళ్లజోడు తీసి, జడపిన్ను సర్ది
ఆ నల్లటి బరువుని మొహానికి కట్టింది.
"భయపడకండి మేడమ్, పడిపోరు."

మొదట మిరపతోట.
గుంటూరు వాళ్లం కదా అని మనదే చేశారట.
చాళ్లు చాళ్లుగా ఎరుపు, చూపు ఆనినంత మేరా ఎరుపు.
చెయ్యి చాపితే కాయ తెగింది,
తెగిన చప్పుడు కూడా వచ్చింది.
ఘాటు రాలేదు.
పక్క కుర్చీలో లెక్కల మాస్టారు
అలవాటు కొద్దీ తుమ్మారు.
నవ్వుకున్నాం, ఎవరి చీకట్లో వాళ్లం.

తర్వాత తరగతి గది.
బెంచీలు, బోర్డు, కిటికీలోంచి ఏటవాలుగా ఎండ.
నాకు కాళ్లు లేవు.
మణికట్టు దాకా చేతులున్నాయి, గాజులు లేవు.
బోర్డు వైపు కదలబోతే
ఎక్కణ్నుంచో షాహీన్ గొంతు:
"అటు కాదు మేడమ్, ఇప్పుడు మీరు స్టూడెంట్."

ఆఖరి బెంచీలో కూర్చున్నాను.
పంతొమ్మిదేళ్లలో మొదటిసారి.

బోర్డు మీద ఏదో రాసి ఉంది.
మొదట రెండు మాటలు, చివర ఒకటి.
మధ్యలో అక్షరాల్ని ఎండ నాకేసింది.
పక్కకి జరిగాను,
ముందున్న బొమ్మ పిల్లాడి భుజం అడ్డం.
తల ఎడం వైపుకి వంచాను.

మస్తాన్‌బీ.
ఎప్పుడూ తల ఎడం వైపుకే వంచి కూర్చునే మస్తాన్‌బీ.
మెడ పట్టేసిందా, సరిగ్గా కూర్చోవే,
అని ఎన్నిసార్లన్నానో.
'కృష్ణానది మహాబలేశ్వరం దగ్గర
బంగాళాఖాతంలో కలుస్తుంది' అని రాసింది పరీక్షలో.
నదినంతా ఒక్క గుక్కలో తాగేసిందర్రా అని
స్టాఫ్‌రూములో చదివి వినిపించాను.
టీ పొలమారేటట్టు నవ్వారందరూ.
నేను ఇంకా ఎక్కువ నవ్వాను.

"టైమైపోయింది మేడమ్."
వెలుతురు ఒక్కసారిగా మీద పడింది.
"తల తిరిగిందా?"
కొంచెం, అన్నాను.

ఈ సాంకేతికత మీ బోధనకు
ఏ విధంగా ఉపయోగపడుతుంది, అని
చివర్లో ఒక కాగితం ఇచ్చారు.
పక్క టీచరు రెండు పేజీలు నింపింది.
నేను 'కిటికీకి గుడ్డ కావాలి' అని రాశాను.
బాగోలేదనిపించి కొట్టేశాను.
ఆలోచించి, కింద మళ్లీ అదే రాశాను.

పట్నం బజారులో దీపాలు పెట్టే వేళ.
మందపాటి నీలం గుడ్డ, మీటరు నూట పది,
తొంభైకి దిగాడు.
"కిటికీ ఎంతుంటుందమ్మా?"
రోజూ దాని పక్కనే నిలబడి పాఠం చెబుతాను,
ఎంతుంటుందో తెలీదు.
ఇంత ఉంటుందని రెండు చేతులూ చాపాను.
అతను టేపు తీసి
నా చేతుల మధ్య గాలిని కొలిచాడు.

వీధిలో మిర్చి టిక్కీల లారీ వెళ్లింది.
ఇద్దరం తుమ్మాం.
కత్తెర ఆగింది.

జానెడు ఎక్కువే కొయ్యండి, అన్నాను.