మైకు పోయిన కెమెరా

ఎల్ ఆల్టోలో ఆదివారం సంత.
రైలు పట్టాల పక్కన నీలం పట్టా పరిచి
వెన్సెస్లావో పాత కెమెరాలు పేర్చాడు
చేపల్లాగా, కళ్ళన్నీ ఆకాశం వైపు.

మా పిన్ని డెల్ఫీనా దగ్గర మూడు వందల ఎనభై బొలివియానోలు,
పావడా లోపలి జేబులో, నాలుగు మడతలుగా.
ఆమెకి వినపడదు.
నాకు బేరం చేతకాదు.
ఇద్దరం కలిసి ఒక కొనుగోలుదారు.

అతను ముందు మెగాపిక్సెళ్ళు చెప్పాడు.
తర్వాత జూము: కొండమీది లామాకి కనురెప్పలెన్నో లెక్కపెట్టొచ్చట.
ఆ తర్వాత గొంతు తగ్గించి మైకు సంగతి:
"చర్చి గంట మోగడం ఆగాక
గాల్లో మిగిలే సన్నటి వణుకుంటుందే,
అది కూడా పడుతుంది ఇందులో."
చెవిటివాడి ముందు శంఖం అని సామెత.
ఊదాడు, పావుగంట.
పిన్ని ఆ శంఖాన్ని తిప్పి తిప్పి
ఎక్కడైనా పగులుందేమో చూసింది.

కెమెరా నా చేతిలో పెట్టి, ఎదురుగా నిలబడి
వేళ్ళతో గబగబా ఏదో అంది.
రికార్డు చేశాను.
చిన్న తెరమీద వేళ్ళు లేవు.
ఆరని సిరాని అరచేత్తో తుడిచినట్టు ఓ మరక.
సెకనుకు ముప్పై బొమ్మలు చాలవు ఆమె మాటకి.
"దీనికి నత్తి" అని సైగ చేసి పక్కన పెట్టేసింది.
రెండోదానికీ నత్తే.
మూడోది అసలు వెలగలేదు.

నాలుగోది ఒళ్ళంతా గీతలు.
బ్యాటరీ మూతకి రబ్బరు బ్యాండు.
తెర మాత్రం బయటికి తెరుచుకుని మన వైపు తిరుగుతుంది.
మెనూలో మూడు మెట్లు దిగితే
అరవై అనే అంకె కనపడింది.
మళ్ళీ అదే మాట చెప్పించాను.
ఈసారి ఏ వేలికా వేలు,
చూపుడువేలి మీది కుట్టుసూది గాటుతో సహా.
అప్పుడు గాని తెలియలేదు ఆమె ఇందాకట్నుంచీ అంటున్నది:
"నువ్వు తల ఊపడం ఆపు, ధర పెరుగుతోంది."

వెన్సెస్లావో మెడ గోక్కున్నాడు.
నిజాయితీ అతనికి ఆలస్యంగా వస్తుంది, కాని వస్తుంది.
"దీని మైకు పోయింది సెన్యోరా. ఒక్క ముక్క వినపడదు."
చేతుల్తో చెప్పాను.
పిన్ని మొహం నిండా విచారం తెచ్చుకుని
యాభై తగ్గించమంది.

వాడకం కొన్నంత తేలిక కాలేదు.
దొన్ ఇలారియోన్ మట్టిరంగు చేతులు
మట్టిగోడ ముందు మునిగిపోయాయి.
లేత నీలం దుప్పటి కట్టాం.
కిటికీ వెనకుంటే మనిషి నీడైపోయాడు,
కుర్చీ పక్కకి తిప్పాం.
షట్టర్ వేగం పెంచితే గదిలో సందె వాలింది,
పక్కింటి బల్బు అరువు తెచ్చాం.
చలికి బ్యాటరీ సగంలో ప్రాణం వదిలితే
పిన్ని దాన్ని రవికెలో పెట్టుకుని
గుడ్డులా పొదిగింది.
కథ వేడెక్కితే ఆయన చేతులు ఫ్రేము దాటేవి.
అటొకటి ఇటొకటి ఎర్ర దారాలు వేలాడదీసి
వీటి మధ్యే కోపం తెచ్చుకోండి అన్నాం.

తగరం గనిలో, డ్రిల్లు మోతలో
ఎవరి చెవులూ పనిచేయని చోట పుట్టిన సైగలు అవి.
దీపం ఆరింది. తిండి వేళ. బండ కదులుతోంది.
గని మూసేశాక తెలిసినవాళ్ళు ఇద్దరు మిగిలారు.
రెండో ఆయన పోయిన జూన్‌లో వెళ్ళిపోయాడు.

రాత్రి అందరం తెర చుట్టూ చేరితే
నా వేలు దానంతటది వాల్యూమ్ కోసం వెతికింది.
ఎవరూ చూడలేదనుకుంటాను.

దొన్ ఇలారియోన్ కళ్ళజోడు సర్దుకుని,
తనను తాను పరీక్షగా చూసి, మొహం చిట్లించాడు.
"ఈ ముసలాడు తప్పు చెప్పాడు.
బండ కదిలేప్పుడు బొటనవేలు లోపలికుండాలి.
ఇలాగైతే అందరూ చచ్చేవాళ్ళు. చెరిపెయ్యండి."

పిన్ని చెరపలేదు.
కార్డులో ఇంకా పదకొండు నిమిషాల చోటుంది.
రవికెలోంచి బ్యాటరీ తీసింది.