ఒక పన్ను లేని చక్రం

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో
మామిడిగుజ్జు లారీల వెనక నా షెడ్డు.
నలభై రెండేండ్లుగా
కార్బురేటర్లకు నాడి చూసేవాణ్ణి.
అరగజం రబ్బరు గొట్టం,
ఒక కొస నా చెవిలో, ఒక కొస ఇంజను నోట్లో.
రెండు గొంతుల్లోనూ గాలి
ఒకే శ్రుతిలో బుసకొట్టేదాకా
స్క్రూ తిప్పుతా, తిప్పుతా.

దామలచెరువు మండీ పొన్నుసామి నాయుడు
ట్రాక్టరు వెనక మోకు కట్టి లాక్కొచ్చినాడు దాన్ని.
ఆకుపచ్చ ట్రయంఫ్, టాపు లేని రెండు సీట్ల బండి,
నా పెండ్లినాటికే ముసలిది.
"పలమనేరు పోవాల దీంట్లో.
మొగిలి ఘాటులో ప్రతిసారీ దగ్గి నిలబడిపోతా ఉండాది."

ఎక్కేకొద్దీ గాలి పలచన.
సూది మాత్రం కింద కొలిచినంతే పోస్తుంది పెట్రోలు,
ఆకలి లేని బిడ్డకు అన్నం కుక్కే అవ్వ మాదిరి.
జబ్బు నాకు తెలుసు. మందే తెలీదు.

మందు పట్టుకొచ్చింది ఎస్తేరు,
మిషన్ కాంపౌండు పిల్ల, చంకలో ల్యాప్‌టాపు.
జంట కార్బురేటర్లు ఊడదీసి
కిరసనాయిలు తట్టలో పడుకోబెట్టినాను.
వాటి చోట నాలుగు ఇంజెక్టర్లు,
ట్యాంకు కాడ కొత్త పంపు,
మిగిలిన పెట్రోలు వెనక్కి పోయే దోవ,
సైలెన్సరు గొట్టంలో పొగ రుచి చూసే సెన్సరు.
క్రాంకు మొనకు ముప్పై ఆరు పళ్ళ చక్రం.
లెక్కేస్తే ముప్పై అయిదే.

"పన్నొకటి ఊడిందే పాపా, వాపసు ఇచ్చెయ్."
"కావాలనే తీసేసినారు బాబ్జాన్ మామా.
అన్నీ ఉంటే ఎక్కడుండామో పెట్టెకు తెలీదు.
ఆ సందు వచ్చినప్పుడే లెక్క మొదలు."
నాలికతో
నా ముందుపన్ను సందు తడుముకున్నాను.

తెర మీద గళ్ళు, అడ్డం పదహారు, నిలువు పదహారు,
చిన్నప్పటి ఎక్కాల పుస్తకం మాదిరే.
ఇంత వేగానికి, ఇంత బరువుకు, ఇంత గుక్క.
తొలినాడు కీ తిప్పితే పలకలేదు.
రెండోనాడు ఎలకపిల్లలా కిచకిచమని ఆగింది.
మూడోనాడు నాయుడు ఫోను చేసినాడు,
ఎత్తలేదు.

నాలుగోనాడు తెల్లారుజామున మొగిలి ఘాటు.
స్టీరింగు నాది, ల్యాప్‌టాపు ఆ పిల్ల ఒళ్ళో.
"అంకెలన్నీ పచ్చగానే ఉండాయి మామా."
"రెండో మలుపులో గొంతు బొంగురుపోయింది, వినలే?"
"లేదే."
"అట్లయితే మళ్ళా పోదాం."
దిగి, మళ్ళా ఎక్కి,
"ఇక్కడ. ఇదో, ఇక్కడ దీనికి ఎక్కువైంది."
ఆ పిల్ల వేలు ఒక గడి మీద ఆగింది.
డెబ్భై నాలుగు డెబ్భై ఒకటయింది.

దగ్గలేదు.

ఘాటు పైన, ఇడ్లీ బండి కాడ
ప్లగ్గు ఊడదీసి చూసినాను.
పాలు సరిగ్గా కలిసిన కాఫీ రంగు.
ఎస్తేరు దాన్ని ఎండకు పెట్టి అటూ ఇటూ తిప్పింది.
"దీనికి గడి లేదు మామా" అనింది.

ఫైలుకు పేరడిగింది పెట్టె.
నా పేరే కొట్టింది, తొందరలో,
నడిమి అక్షరం ఎగిరిపోయింది.
దిద్దబోతే ఉండనీలే అన్నాను,
ఇడ్లీ చల్లారిపోతా ఉండాది.