దారం తప్పు

పీణ్యా రెండో స్టేజిలో బేరింగుల షాపు పైన
మా మిషన్లు ఎనిమిది.
నేను కుట్టేది బనియన్లే,
కాకపోతే వాటికి చెవులుంటాయి.

ఎడమవైపు పక్కటెముకల మీద
వెండి పూత దారంతో అరచేతిలో సగమంత కుట్టు.
చీరకు జరీ నలుగురూ చూడాలని వేస్తారు.
ఇది లోపలికి తిరిగిన జరీ.
గుండెను వింటుంది, చెమటలో ఉప్పు లెక్కేస్తుంది,
విన్నదంతా దూరాన గుడారంలో ఒక తెరకి
చెప్పేస్తుంది.

మే నెలలో నలభై ట్రయలుకు పోయాయి.
ఎక్కడికో చెప్పరు. చలిచోటు అన్నారు బోపయ్య సారు, అంతే.
తిరిగొచ్చాక ఉతికినా పోలేదు
కిరసనాయిలు వాసన.

ముప్పైఒకటో నంబరు మూడు రాత్రులు పలకలేదట.
పదకొండుంబావు నుంచి నలభై నిమిషాలు
తెర మీద ఆ గుండె లేదు.
మొదటి రాత్రి డాక్టరు లేసులు కట్టుకోకుండా పరుగెత్తాడట.
చూస్తే మనిషి కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడట.
తర్వాతి రాత్రులు ఎవరూ పరుగెత్తలేదు.

"లూజ్ కాంటాక్టేమో చూడు సుంకులమ్మా."

బల్లదీపం కింద తిరగేశాను.
లూజు కాదు.
తెంపిన చోట పోచ చదునుగా నలిగి ఉంది.
పంటితో తెంపాడు.
నేనూ అట్లాగే తెంపుతా, నాకు తెలీదా.
తెంపిన రెండు కొసల్నీ మళ్ళీ కలిపాడు,
జారుముడి వేసి.
లాగితే మూగ, బిగిస్తే మాట.

వాళ్ళకు పేర్లు రాయరు, నంబర్లే.
ఆ నలభై నిమిషాలూ ఏడ్చాడో,
ఎవరి ఫోటోనో చూశాడో,
ఉత్తినే భయపడ్డాడో,
ఆ భయాన్ని ఎవరూ గీతగా గీయకుండా.

జాలహళ్ళి క్రాస్ దాటాక బస్సులో
నేను ఫోను ఆపి సంచి అడుగున పెట్టేసే
పద్దెనిమిది నిమిషాలున్నాయి నాకూ.
అడిగితే చార్జింగు లేదంటాను.

అయినా చెయ్యి ఆడలేదు.
ముడి విప్పి ఉన్న వేళ
నిజంగానే ఆగిపోతే?
కేక వెయ్యాల్సింది ఈ గుడ్డే కదా.
బల్ల మీద టీ మీగడ కట్టింది.

కొత్త దారం వేశాను, గట్టిగా, రెండు పోగులు.
మడత లోపల మాత్రం
పంటికి అందేంత కొస వదిలాను.

రిజిస్టరులో కారణం గడి చిన్నది.
"దారం తప్పు" అని రాశాను.
బోపయ్య సారు సంతకం పెడుతూ
ఈ దారం కంపెనీని మార్చాలి అన్నారు.

మార్చండి సార్ అన్నాను.